నల్గొండలో చేయించుకున్న చండీగఢ్ కుర్చీలు

నల్గొండ గడియారం చౌరస్తాకు కొద్ది దూరంలో ఉన్న ఒక చిన్న వడ్రంగి కార్ఖానాలో నిరుడు రెండు టేకు కుర్చీలు చేయించుకున్నాను. ఎనిమిది నెలలుగా రోజూ వాడుతున్నాను కనుక వాటి బాగోగులు చెప్పగలను. నేను ఫొటో చూపించి అడిగిన నమూనా స్విస్ వాస్తుశిల్పి పియర్ జన్నరే చండీగఢ్ కోసం రూపొందించినది: కింద ఎడంగా నిలిచి పైకి పోయేకొద్దీ దగ్గరయ్యే కాళ్లు, కూర్చునే చోట, వీపు ఆనించే చోట పేము అల్లిక.

1896లో జెనీవాలో పుట్టిన జన్నరే 1922 నుంచి పారిస్‌లో తన దాయాది, చండీగఢ్ నగరానికి ప్రధాన రూపశిల్పి అయిన లె కార్బుజియేతో కలిసి పనిచేశారు. వారిద్దరూ ఫ్రెంచ్ డిజైనర్ షార్లెట్ పెరియాన్‌తో కలిసి తయారుచేసిన ఉక్కు గొట్టాల కుర్చీలు 1929లో పారిస్ ప్రదర్శనలో పేరు తెచ్చాయి. అటువంటి మనిషి 1951లో చండీగఢ్ నిర్మాణానికి వచ్చాక ఉక్కును పక్కనపెట్టి, ఇక్కడి పనివాళ్ల చేతికి అలవాటైన టేకునూ పేమునూ చేపట్టారు. ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఈ మలుపే. కార్యాలయాలకు, కళాశాలలకు, హైకోర్టుకు కావలసిన కుర్చీలను ఒకే నమూనాతో అనేక కార్ఖానాలు చేశాయి కాబట్టి, ఆనాటి కుర్చీల్లో ఒకదానికీ మరొకదానికీ చిన్న చిన్న తేడాలు కనిపిస్తాయి. 1965 వరకు ఆయన అక్కడే ఉన్నారు. 1967లో మరణించాక, ఆయన కోరిక ప్రకారమే చితాభస్మాన్ని చండీగఢ్‌లోని సుఖ్నా సరస్సులో కలిపారు. పాత కుర్చీలు విదేశీ వేలంపాటలకు తరలిపోతుండటంతో 2011లో కేంద్ర హోం శాఖ వాటి అమ్మకాన్ని, ఎగుమతిని అడ్డుకుంటూ ఉత్తర్వు ఇచ్చింది.

ఇక మా కుర్చీల సంగతి. అల్లిక పని చాలా బాగుంది. నానబెట్టిన పేము బద్దలను చట్రం అంచున వరుసగా తొలిచిన రంధ్రాల్లోంచి ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా, చివరికి రెండు వైపులా ఐమూలగా లాగి బిగిస్తుంటే, దగ్గర కూర్చుని చూశాను. ఆరేకొద్దీ అది డోలు చర్మంలా బిగుసుకుంది. మే నెల ఎండల్లో వీపుకు గాలి తగులుతూ హాయిగా ఉంటుంది. "పేము తెగితే కుర్చీ పారెయ్యొద్దు సార్, మళ్ల అల్లించుకోవాలె" అని వడ్రంగి చెప్పిన మాట నాకు బాగా నచ్చింది.

లోపాలూ ఉన్నాయి. మూడు వారాల్లో ఇస్తామన్న పని ఏడు వారాలకు గానీ చేతికి రాలేదు. ఒక కుర్చీకి వెనుక కాలు కొంచెం పొట్టిగా ఉండి గచ్చు మీద ఊగేది. కబురు చేస్తే ఇంటికే వచ్చి, డబ్బు అడగకుండా సరిచేశారు. పాలిష్ మాత్రం మరీ దట్టంగా పూశారు, దాని మెరుపులో టేకు చారలు కనపడకుండా పోయాయి. చేయించుకునేవారు నూనె పూత చాలని ముందే చెప్పడం మంచిది. కూర్చునే ఎత్తు కూడా ఫొటో చూసి నిర్ణయించవద్దు. మా అమ్మకు పాదాలు నేలకు ఆనక, రెండో కుర్చీ కాళ్లను అంగుళం కోయించవలసి వచ్చింది.