తుగ్లకాబాద్ కర్ణీ సింగ్ రేంజ్‌లో ట్రాప్ షూటింగ్: బల్లార్షా వైపు వారి కోసం ఒక సమీక్ష

బల్లార్షా, రాజురా ప్రాంతాల తెలుగువారికి తుపాకీ అనగానే గుర్తుకొచ్చేది అడవిపందుల బారి నుంచి చేను కాపాడుకోవడానికి లైసెన్సు తీసుకున్న ఆయుధమే. దానితో ట్రాప్ అనే, గాలిలోకి విసిరిన చిన్న బిళ్ళలను కాల్చి పగలగొట్టే, కట్టుదిట్టమైన ఆట ఎలా ఆడతారో చూడాలనుకునేవారు ఢిల్లీ తుగ్లకాబాద్‌లోని డాక్టర్ కర్ణీ సింగ్ షూటింగ్ రేంజ్‌కు తప్పక వెళ్ళాలి. 1982 ఆసియా క్రీడల కోసం కట్టి, 2010 కామన్వెల్త్ క్రీడలకు కొత్తరూపు ఇచ్చిన ఈ రేంజ్ పేరులోని బికనీర్ మహారాజు, 1962 కైరో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ట్రాప్ విభాగంలోనే రజతం గెలిచారు.

ట్రాప్ చూసేవారు ముందుగా గమనించవలసింది కందకాన్ని. షూటర్లు నిలబడే అయిదు స్టేషన్లకు 15 మీటర్ల ముందు, వారి కాళ్ళ కింది నేలతో సమానంగా కప్పు వేసిన ఆ కందకంలో 15 యంత్రాలు దాగి ఉంటాయి. ఒక్కో స్టేషనుకు మూడు. షూటర్ తుపాకీని భుజానికి ఆనించి కేక వేయగానే మైకు ఆ గొంతును అందుకుంటుంది, మూడింటిలో ఏదో ఒక యంత్రం క్లే టార్గెట్‌ను, అంటే కాల్చవలసిన బిళ్ళను, విసురుతుంది. ఏది విసురుతుందో షూటర్‌కు ముందుగా తెలియదు. అయితే రౌండులోని 25 టార్గెట్లలో ఎడమకు పది, కుడికి పది, మధ్యకు అయిదు చొప్పున అందరికీ సమానంగా వస్తాయి కనుక, ఓడినవారు అదృష్టాన్ని తిట్టుకునే వీలు పెద్దగా ఉండదు.

టార్గెట్ చిన్న సాసరంత ఉంటుంది: వ్యాసం 110 మిల్లీమీటర్లు, బరువు 105 గ్రాములు. అడ్డుకునేది లేకపోతే సుమారు 76 మీటర్ల దూరం వెళ్ళి పడుతుంది. ఫైనల్‌కు ముందు జరిగే అర్హత పోటీ, అంటే క్వాలిఫికేషన్‌లో దానిమీద రెండు తూటాలు పేల్చవచ్చు, ఫైనల్లో ఒక్కటే. నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించిన నియమం మరొకటి ఉంది. మామూలు టార్గెట్ నుంచి దుమ్ము లేచినా, కనీసం ఒక్క ముక్కైనా విరిగి కంటికి కనబడకపోతే రిఫరీ దానిని తప్పిపోయినట్టే లెక్కిస్తారు. ఫైనల్లో వాడే రంగుపొడి టార్గెట్‌కు మాత్రం పొడి రేగితే చాలు. అందుకే క్వాలిఫికేషన్‌లో ప్రేక్షకుల చప్పట్లు ఒక్కోసారి తొందరపాటవుతాయి.

కూర్చోవడానికి మూడో స్టేషన్ వెనుక చోటు మేలు. రెండు వైపులకూ ఎగిరే టార్గెట్లు అక్కడి నుంచి సమంగా కనిపిస్తాయి. చెవులకు రక్షణ లేకుండా వెళ్ళవద్దు. నాగపూర్‌లో ఒక దుకాణంవారు గట్టి హామీ ఇచ్చి నాకు అంటగట్టిన స్పాంజి బిరడాలు చెవిలో నిలవలేదు కనుక, చెవిని పూర్తిగా మూసే రకమే కొనుక్కోవడం మంచిది. ప్రయాణానికి బల్లార్షాలో ఆగే దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ నేరుగా ఢిల్లీలోని నిజాముద్దీన్ స్టేషను చేరుస్తుంది; పోటీల తేదీలు, ప్రవేశ నిబంధనలు తెలుసుకున్నాకే టికెట్ తీసుకోండి.

హైదరాబాద్‌కు చెందిన కైనన్ చెనాయ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ట్రాప్‌లో వ్యక్తిగత కాంస్యం, జట్టు స్వర్ణం గెలిచాక, పిల్లలను ఈ ఆటలో చేర్చాలన్న ఆసక్తి మనవాళ్ళలోనూ కొందరికి కలిగి ఉండవచ్చు. అలాంటి తల్లిదండ్రులు తుపాకీ ధర కంటే ముందు తూటాల లెక్క వేసుకోవాలి: 125 టార్గెట్ల క్వాలిఫికేషన్ ఒక్కదానికే 250 తూటాల వరకు ఖర్చు కావచ్చు, సాధన దీనికి అదనం.