కార్తీకం ముసురులో నిలిచే సోలార్ తోట దీపం ఏది?

తిరుపతిలో సోలార్ తోట దీపాలు కొనేవాళ్లకు ఒక చిక్కుంది. వాటి మీద మోజు పుట్టేది దీపావళికి, కార్తీకానికి. ఈశాన్య రుతుపవనాల ముసురు పట్టేదీ అప్పుడే. మే నెలలో తెల్లవార్లూ వెలిగిన దీపం నవంబరులో రాత్రి ఎనిమిదికే ఆరిపోతుంది. అందుకే ఇక్కడ దొరికే రకాలను వెలుగు చూసి కాకుండా రెండు ప్రశ్నలతోనే తూచాలి: ఎండ లేని రోజు ఎంతసేపు నిలుస్తుంది, లోపలి ఛార్జింగ్ సెల్లు పోతే మార్చుకోవచ్చా?

మట్టిలో గుచ్చే చిన్న దీపాలు అన్నిటికంటే చవక. ఆరో, పన్నెండో కలిపి ఒక డబ్బాగా అమ్ముతారు. వీటి లెక్క చూడండి. మూత మీది ప్యానెల్ 2 వోల్టులు, 40 మిల్లీఆంపియర్లు అనుకుంటే, ఐదు గంటల గట్టి ఎండకు సెల్లులోకి దాదాపు 200 మిల్లీఆంపియర్ అవర్లు (సెల్లు దాచుకునే ఛార్జికి కొలత) చేరతాయి. దీపం గంటకు 20 చొప్పున తాగితే, నష్టాలు పోను ఏడెనిమిది గంటలు వెలుగుతుంది. ముసురు రోజు వచ్చేది అందులో ఐదో వంతే అయితే గంటన్నర. లోపలి 600 మిల్లీఆంపియర్ అవర్ల సెల్లు తీసి 2000ది వేస్తే బాగుపడుతుందని కొందరంటారు. కుండ పెద్దదైతే కుళాయి ధార పెరగదు కదా, ప్యానెల్ అదే.

వీటిలో ఉండేది 1.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్లు కొలతకు సరిపోతుంది గానీ వేయకూడదు. ఛార్జింగుకు పనికిరాని సెల్లులోకి రోజూ కరెంటు ఎక్కితే అది కారిపోయి స్ప్రింగులు తుప్పు పడతాయి. ఇంకో ఇబ్బంది మన ఎర్రమట్టి. ఎండితే రాయిలా బిగుసుకుంటుంది, సుత్తితో కొడితే ప్లాస్టిక్ మొన విరుగుతుంది. గడ్డపారతో చిన్న గుంట చేసి, నీళ్లు పోసి, నానాక దించాలి. రెండు మీటర్లకొకటి పెడితే నడవడానికి దారి కనబడుతుంది, అంతే. తోటంతా వెలిగిపోతుందని ఆశ పెట్టుకోవద్దు.

తోటకు నిజంగా పనికొచ్చేది ప్యానెల్ విడిగా ఉండే సీరియల్ సెట్టు. దీపాలు మామిడి చెట్టు నీడలో ఉన్నా ప్యానెల్‌ను మిద్దె పిట్టగోడ మీద పెట్టుకోవచ్చు. పైగా ప్యానెల్‌ను వంచుకునే వీలుంటుంది. తిరుపతిలో ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు సగం వరకు మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానికి ఉంటాడు, మిగతా నెలలన్నీ దక్షిణమే. నవంబరు, డిసెంబరుల్లో దక్షిణానికి 30 డిగ్రీలు వంచితే, పడుకోబెట్టిన ప్యానెల్ కోల్పోయే ఆరో వంతు ఎండ దాదాపుగా దక్కుతుంది. దుమ్ము, వాన నీళ్లు కూడా జారిపోతాయి. ఈ దీపాలను వెలిగి ఆరే పద్ధతిలో పెడితే వాడకం బాగా తగ్గుతుంది కాబట్టి ముసురు రోజుల్లో నిలకడ వెలుగు వద్దు.

తీగ విషయంలో మాత్రం జాగ్రత్త. సన్నని రాగి తీగ మీద వార్నిష్ పూతే ఇన్సులేషన్, కొమ్మకు రాసుకుంటే లేచిపోతుంది. పీవీసీ తొడుగున్న తీగే తీసుకోండి. అలిపిరి, కపిలతీర్థం వైపు ఇళ్లకైతే ఏ తీగా వద్దు, కోతులు ఉంచవు. అక్కడ గోడకు స్క్రూలతో బిగించే దీపాలే నయం.

ఈ సెట్లలో సెల్లు సాధారణంగా ప్యానెల్ వెనక డబ్బాలోనే ఉంటుంది. 3.7 వోల్టుల లిథియం అయాన్ సెల్లును 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేస్తే ఆయుష్షు తరిగిపోతుంది. మే మధ్యాహ్నం మన ఎండే 40 దాటుతుంది, నల్ల డబ్బా లోపల సంగతి చెప్పక్కర్లేదు. ప్యానెల్‌ను మిద్దెకు ఆనించకుండా, కింద గాలి ఆడేలా కాడ మీద నిలపండి. వేడికి ఇంకాస్త ఓర్చుకునేది 3.2 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్. అయితే ఒకటి తీసి ఇంకొకటి వేయడానికి లేదు, రెండింటి ఛార్జింగు వోల్టేజీలు వేరు.

మంటలా ఆడే కాగడా దీపం అతిథులు వచ్చిన రాత్రికి అందంగానే ఉంటుంది. చాలా ఎల్ఈడీలు ఒకేసారి వెలగాలి కాబట్టి మబ్బు రోజున అన్నిటికంటే ముందు ఆరేదీ ఇదే. గేటు రెండు వైపులా రెండు చాలు. నీళ్ల తొట్టిలో తేలే తామర దీపాలు పూర్తిగా దండగ.

రంగు విషయంలో రెండో ఆలోచన అక్కర్లేదు: 3000 కెల్విన్ లేదా అంతకంటే తక్కువ, అంటే పసుపు వెలుగు. తులసికోట పక్కన తెల్లటి ఆసుపత్రి వెలుగు బాగుండదు. తొలి వానలకు లేచే ఉసిళ్లు కూడా పసుపు వెలుగుకు తక్కువగా మూగుతాయి.

డబ్బా మీది వాట్లను నమ్మొద్దు. నడినెత్తి ఎండలో చదరపు మీటరుకు పడేది దాదాపు 1000 వాట్లు. మంచి ప్యానెల్ అందులో 20 శాతం పట్టుకుంటుంది. అంటే పొడవు, వెడల్పు పదేసి సెంటీమీటర్లున్న ప్యానెల్ ఇచ్చేది మహా అయితే 2 వాట్లు. దాని కింద 100 వాట్లు అని రాసి ఉంటే అది రాతే. ప్యానెల్ పైన గాజు ఉండాలి. ఎపాక్సీ పూత మన ఎండకు పసుపెక్కి మసకబారుతుంది.

దుమ్ము, నీళ్లను ఎంత ఆపుతుందో చెప్పే ఐపీ అంకె డబ్బా మీద చూడండి. వానకు ఐపీ44 చాలదు, అది చిందే నీళ్లకే. ఐపీ65 ఉండాలి. అదున్నా తీగ బయటికొచ్చే రంధ్రం చుట్టూ, స్విచ్ చుట్టూ సిలికాన్ సీలెంట్ పూయడం మంచిది. వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, అది రాగిని తింటుంది. న్యూట్రల్ అని రాసినదే కొనండి. అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రం ఉంటే దాన్ని మూయొద్దు.

కొత్త దీపం వెలగలేదని తిరిగిచ్చే ముందు మూత కింద స్విచ్ చూడండి. చాలా వాటిలో స్విచ్ ఆన్‌లో ఉంటేనే ఛార్జ్ ఎక్కుతుంది. ఆన్ చేసి రెండు పగళ్లు ఎండలో ఉంచాలి. వీధి దీపం వెలుగు ప్యానెల్ మీద పడితే దానికి ఇంకా పగలే, వెలగదు. బోరు నీళ్లు తోటకు కొడితే ప్యానెల్ మీద తెల్ల పొర కడుతుంది. గాజైతే నిమ్మరసం తడిపిన మెత్తని గుడ్డతో తుడిస్తే పోతుంది, పీచు పెట్టి రుద్దొద్దు.

గాంధీ రోడ్డు అంగళ్లలో కొంటే ఒక లాభముంది, విప్పి చూపించమనొచ్చు. ప్యానెల్‌ను అరచేత్తో మూసి వెలిగించి చూపిస్తే ఒప్పుకోవద్దు, దాంతో సెల్లు ఎంతదో తెలియదు. వెనక స్క్రూలు ఉన్నాయా, లోపల సెల్లు మీద వోల్టేజీ, కెపాసిటీ రాసి ఉన్నాయా చూడండి. స్క్రూలు లేక జిగురుతో అతికించినదైతే ఎంత తగ్గించి ఇచ్చినా వదిలేయండి, సెల్లు పోయిన రోజున దీపమంతా చెత్తబుట్టకే.