ఫన్‌స్కూల్ జీఐ జో బొమ్మలు: 2011 నుంచి ఏరుకుని, విప్పి, బిగించిన అనుభవంతో

రెండు ముక్కలైన జీఐ జో సైనికుడి బొమ్మ కనిపిస్తే వదిలేయకండి, తెచ్చేసుకోండి. ముందే ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే మొదట్లో నేను అలాంటివి చాలా వదిలేశాను, హైదరాబాద్ పాత సామాన్ల సంత జుమ్మెరాత్ బజార్‌లో ఒకాయన దగ్గర సంచి నిండా ఉంటే కాళ్లు వేరు, మొండెం వేరు అయ్యాయని పక్కన పెట్టి రెండే తీసుకున్నా, వదిలేసినవి ఇప్పటికీ కళ్లలో మెదులుతుంటాయి. విరిగింది బొమ్మ కాదు, లోపల ఉన్న చిన్న రబ్బర్ రింగు.

మాది కాకినాడ. చిన్నప్పుడు నాకూ తమ్ముడికీ కలిపి ఐదు బొమ్మలుండేవి, ఇల్లు మారినప్పుడు పోయాయి. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాక 2011లో మళ్లీ మొదలుపెట్టా, ఇప్పుడు అరవై పైనే ఉన్నాయి. అమెరికాలో హాస్బ్రో అనే బొమ్మల కంపెనీ వాళ్లు 1964లో తెచ్చిన జీఐ జో అడుగు పొడవు బొమ్మ, మనకు తెలిసిన మూడు ముప్పావు అంగుళాల సైజు 1982లో వచ్చింది. మన దేశంలో చేసింది ఫన్‌స్కూల్, 1987లో ఎంఆర్ఎఫ్ వాళ్లు హాస్బ్రోతో కలిసి పెట్టిన కంపెనీ, ఫ్యాక్టరీ గోవాలో. అమెరికాలో వాడిన అచ్చులు ఇక్కడికి వచ్చేవి, అందుకే అమెరికాలో 1994లో ఆ లైను ఆపేశాక కూడా మన షాపుల్లో ఇంకా కొన్నేళ్లు దొరికాయి. రంగులు మాత్రం అచ్చం వాళ్లవే అని ఏమీ లేదు. ఒకే మనిషి బొమ్మ ఒక బ్యాచ్‌లో ముదురు ఆకుపచ్చ, ఇంకో బ్యాచ్‌లో లేతది. బయటి దేశాల కలెక్టర్లు మన బొమ్మల కోసం వెతికేది ఎక్కువగా ఈ తేడాల కోసమే. నాకైతే ఈ సేకరణలో అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే, నా దగ్గర ఒకే బొమ్మ మూడు రకాల రంగుల్లో ఉంది, పక్కపక్కన పెట్టి చూస్తే ఎంతసేపైనా చూడబుద్ధేస్తుంది.

ఇక రింగు సంగతి. వీపు మీద ఒక్కటే స్క్రూ ఉంటుంది, అది తీస్తే ఛాతీ, వీపు రెండు పలకల్లా విడిపోతాయి, తల, చేతులు ఊడి చేతిలోకి వస్తాయి. రెండు కాళ్లను కలిపే లోహపు కొక్కెం ఒకటుంటుంది, రింగు ఒక చివర దానికి తగిలించి, నడుము ముక్క మధ్యలోంచి పైకి లాగి, రెండో చివర వీపు లోపలున్న చిన్న స్తంభానికి తొడగాలి. అంతే, బొమ్మంతా ఆ రింగు బిగువు మీదే నిలబడుతుంది. పాతికేళ్లు దాటితే రబ్బర్ ఎండిపోయి పగుళ్లిచ్చి తెగుతుంది, అది రబ్బర్ గుణం, ఎవరి తప్పూ కాదు. కొత్త రింగు కోసం ఆన్‌లైన్‌లో విదేశాల నుంచి తెప్పించుకునేవాణ్ణి, తర్వాత ఒక బొమ్మ జేబులో వేసుకుని సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లా, పంపు సామాన్ల షాపాయన "ఏ మోటారుకి సార్?" అని అడిగి, బొమ్మ చూపిస్తే నవ్వేసి డబ్బాలన్నీ ముందు పోశాడు. లోపల 11 మిల్లీమీటర్లు, మందం రెండున్నర చిల్లర, ఆ సైజు నల్ల నైట్రైల్ రబ్బర్ ఓ-రింగు సరిగ్గా కూర్చుంది. సిలికాన్ రింగులు త్వరగా ఎండవు గానీ కొక్కెం అంచు గరుకుగా ఉంటే కోసుకుపోతాయి, అందుకే నేను నల్లవే వాడతా, 2014లో వేసినవి ఇంకా గట్టిగానే ఉన్నాయి.

స్క్రూ తిప్పేటప్పుడు మాత్రం తొందర వద్దు. సరైన సైజు చిన్న స్టార్ స్క్రూడ్రైవర్ లేకపోతే తల అరిగిపోతుంది, బిగించేటప్పుడు ఆగిన చోటే ఆపాలి, ఇంకో చుట్టు అనుకుంటే లోపలి ప్లాస్టిక్ పగులుతుంది.

బాగుచేయలేనివి రెండు. ఒకటి బొటనవేలు, తుపాకీ బలవంతంగా దూరిస్తే విరుగుతుంది. చేతిని కాసేపు వేడినీళ్లలో ఉంచి మెత్తబడ్డాక పెట్టండి, లేదా తుపాకీ పక్కనే పెట్టుకోండి. రెండోది నడుము ముక్కలో కాళ్ల మధ్యనుండే సన్నటి భాగం, కాళ్లు పక్కకి చాపితే పోతుంది. ఒకసారి ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర "మింట్" (అంటే కొత్తదానిలా ఉంది) అని చెప్తే మంచి ధర పెట్టి కొన్నా, వచ్చాక చూస్తే బొటనవేలు జిగురుతో అంటించి ఉంది, ఫోటోలో ఆ చెయ్యి వెనక్కి తిప్పి తీశాడు. చాలా బాధేసింది. అప్పట్నుంచి రెండు అరచేతులు, నడుము, వీపు స్క్రూ, ఈ నాలుగు ఫోటోలు అడగకుండా డబ్బు పంపను.

కాకినాడ, వైజాగ్ వైపు నుంచి వచ్చిన వాటిలో స్క్రూ, కొక్కెం తుప్పు పట్టి ఉండటం ఎక్కువ చూశా, సముద్రపు గాలి కదా. కడగాలంటే విప్పి, లోహపు ముక్కలు పక్కన పెట్టి, గోరువెచ్చని నీళ్లు, గిన్నెల సబ్బు, మెత్తటి బ్రష్షు. నెయిల్ పాలిష్ రిమూవర్ అస్సలు వద్దు, చాలావాటిలో ఎసిటోన్ ఉంటుంది, ఈ ప్లాస్టిక్‌ని కరిగించేస్తుంది. మెత్తటి పీవీసీ కవర్లలో కూడా దాచకండి, కొన్నేళ్లకి వాటిలోంచి నూనెలాంటిది ఊరి బొమ్మకి అంటుకుంటుంది. నేను గట్టి పాలీప్రొపిలీన్ డబ్బాల్లో సిలికా జెల్ పొట్లాలతో, కిటికీకి దూరంగా పెడతా, ఎండ తగిలితే తెల్ల ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. పెరాక్సైడ్ రాసి ఎండలో పెట్టి తెల్లగా చేసే పద్ధతి ఒక బొమ్మ మీద చేశా, తెల్లబడింది గానీ రెండేళ్లకి మళ్లీ పసుపొచ్చింది, ఇంకో బొమ్మకి చెయ్యలేదు.

సీల్ తియ్యని ప్యాక్ కొనాలా అంటే, నావరకు వద్దు. నా దగ్గర రెండున్నాయి, వాటి లోపల కూడా రింగు ఎండిపోతూనే ఉంటుంది, మనం చూడలేం, మార్చలేం. అయితే వెనకాల ఫైల్ కార్డు ఉంటుంది కదా, ఆ మనిషి పేరు, పని, కథ, అది కత్తిరించని అట్ట దొరికితే మాత్రం కొంటా. కొత్తగా ప్రింట్ చేసి పాతదని అమ్మేవాళ్లున్నారు, భూతద్దంతో చూడండి, పాత ఆఫ్‌సెట్ ముద్రణలో రంగు చుక్కలు చిన్న చిన్న పువ్వుల్లా వరసగా కనిపిస్తాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు లూజ్ బొమ్మలు, అంటే ప్యాక్ లేనివి, అదీ తుపాకులు లేనివి కొనండి, చాలా తక్కువకి వస్తాయి, తుపాకులు తర్వాత ఒక్కోటి చేరతాయి. నాకిప్పుడు నల్ల నడుము ముక్క ఒకటి కావాలి, విరగనిది. ఎవరి దగ్గరైనా అదనంగా ఉంటే చెప్పండి, బదులుగా రెండు జతల కాళ్లు, ఓ పది రింగులు ఇస్తా.