ఏఎం బాగా రావాలని మీ హామ్ రేడియో సెట్‌ని మోడ్‌కి (లోపల మార్పులు చేయించడానికి) పంపే ముందు ఇది చదవండి

ఇవాళ మధ్యాహ్నం నా ఐకామ్ 718 హామ్ సెట్ కొరియర్‌లో తిరిగొచ్చింది, అప్పట్నుంచి కడుపు రగిలిపోతోంది. మోడ్లు చేసిపెట్టే ఆయన ఎవరో హామ్స్‌కి (అమెచ్యూర్ రేడియో వాళ్లకి) చెప్పక్కర్లేదు, పేరు రాయను.

విషయం ఇంతే. 718లో మీడియం వేవ్, అంటే ఆకాశవాణి ఏఎం స్టేషన్లుండే బ్యాండ్, వీక్. పెద్ద లోకల్ స్టేషన్ ఉంటే ఫ్రంట్ ఎండ్ (సిగ్నల్ మొదట చేరే భాగం) ఓవర్‌లోడ్ కాకూడదని ఆ బ్యాండ్ దారిలో సిగ్నల్ తగ్గించే అటెన్యుయేటర్ పెట్టారు. మాన్యువల్లోనే చూడండి, ఏఎం సెన్సిటివిటీ హెచ్ఎఫ్‌లో (షార్ట్‌వేవ్‌లో) 2 మైక్రోవోల్టులు, 1.8 మెగాహెర్ట్జ్ కింద 13; అంకె పెరిగితే వినికిడి తగ్గినట్టు. ఒంగోలులో నాకు విజయవాడ 837 కిలోహెర్ట్జ్ తప్ప ఏదీ సరిగా రాదు. నాన్న పాత ట్రాన్సిస్టర్‌లో కడప 900, విశాఖ 927 హాయిగా వస్తాయి. ఆ అటెన్యుయేటర్ రెసిస్టర్లు బైపాస్ చేస్తే సరిపోతుంది, "మన సెట్టే అనుకోండి సార్" అన్నాడు ఆ మోడ్లాయన. 3,500 ముందే వేశాను.

ఆన్ చేస్తే ఏఎంలో పెద్ద తేడా లేదు సరికదా, హామ్స్ మాట్లాడుకునే 40 మీటర్ల బ్యాండ్ కూడా పడిపోయింది. రోజూ ఎస్9 (మీటర్ మీద గట్టి సిగ్నల్) వచ్చే స్టేషన్లు గోడవతల మాట్లాడుతున్నట్టున్నాయి. మూత విప్పితే నల్లగా మాడిన సోల్డర్ ఫ్లక్స్, బోర్డు నుంచి లేచిపోయిన రాగి ప్యాడ్, దాని మీదుగా వెంట్రుకంత తీగ.

ఫోటో పంపి ఫోన్ చేశాను. "పంపేటప్పుడు బాగానే ఉంది. ముందు నీ యాంటెన్నా సరిగ్గా కట్టుకో, తర్వాత నాకు ఫోన్ చెయ్" అన్నాడు. డబ్బులు పడేదాకా సార్, పడ్డాక నువ్వు. నా వయసులో సగం ఉండదు ఆయనకి. ఇంకో మాట అనేలోపే కట్ చేశాడు, మళ్లీ చేస్తే బ్లాక్. పాడైన సెట్టు కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంటోంది.

తప్పు నాదీ ఉంది. పంపేముందు ఎస్ మీటర్ (సిగ్నల్ బలం చూపేది) వీడియో తీయలేదు, లోపలి బోర్డు ఫోటో తీసుకోలేదు. ఇప్పుడు ఏం చూపించి నిలదీయను?

సాయంత్రం ఇక్కడి హామ్ మిత్రుడొకాయన తన లూప్ యాంటెన్నా తెచ్చాడు. చెక్క ఫ్రేమ్ మీద చుట్టిన తీగ, పాత రేడియోలో స్టేషన్ మార్చే గ్యాంగ్ కండెన్సర్, లోపల ఒక్క చుట్టు వేసి కోయాక్స్‌కి (యాంటెన్నా కేబుల్‌కి) కలిపాడు. ఈ పాడైన సెట్‌కే తగిలించి మెల్లగా తిప్పుతుంటే ఎల్ఈడీ బల్బుల బర్రు తగ్గిపోయి కడప వార్తలు మాట మాటా వినబడ్డాయి. సెట్ విప్పాల్సిన అవసరమే లేదన్నమాట, అది ముందే చేసుంటే సరిపోయేది.

మీరు కూడా ముందు లూప్ కట్టి చూడండి. 718కి యాంటెన్నా సాకెట్ ఒక్కటే కాబట్టి లూప్ పెట్టినప్పుడు మైక్ ఊడదీయండి, హామ్ బ్యాండ్‌లో ఉండగా పొరపాటున పీటీటీ (మైక్ మీది ట్రాన్స్‌మిట్ బటన్) నొక్కితే పవరంతా అందులోకే పోతుంది.