పాత ఎక్సెల్ మాక్రోలు కొత్త ఆఫీసులో నడవాలా? కాశీబుగ్గలో ఈ షాపుకి వెళ్ళండి

పలాస జీడి ఫ్యాక్టరీల్లో లెక్కలు చూసేవాళ్ళకి పనికొస్తుందని కాస్త వివరంగానే రాస్తున్నాను. మా దగ్గర పిక్కల బస్తాల తూకం, పొట్టు తీసే ఆడవాళ్ళ కూలి, గ్రేడు వారీగా టిన్నుల స్టాకు అన్నీ ఎక్సెల్ మాక్రోల మీదే, అంటే బటన్ నొక్కితే లెక్క దానంతటదే చేసే చిన్న ప్రోగ్రాముల మీదే నడుస్తాయి. అవి రాసిన కుర్రాడు ఎప్పుడో హైదరాబాద్ వెళ్ళిపోయాడు. విండోస్ 10కి 2025 అక్టోబరులో సపోర్టు ఆగిపోయిందని మా ఓనరు గారు కొత్త కంప్యూటర్ కొంటే అందులో 64 బిట్ ఆఫీస్ వచ్చింది, పాత ఫైలు తెరిచి కూలి బటన్ నొక్కితే కంపైల్ ఎర్రర్, లోపల చూస్తే విండోస్ ఫంక్షన్లని పిలిచే డిక్లేర్ లైన్లన్నీ ఎర్రగా ఉన్నాయి. శనివారం బట్వాడా ముందు ఇలాగైతే ఎంత టెన్షనో మీకు తెలుసు.

ముందు వేరే చోట అడిగితే ఫైలు తెరవకుండానే కొత్త సాఫ్ట్‌వేర్ కొనుక్కోమన్నారు. ఈ షాపు అబ్బాయి మాత్రం కోడ్ అంతా ఓపిగ్గా చదివి, "మార్చడం వద్దనుకుంటే ఇదే లైసెన్సు మీద 32 బిట్ ఆఫీస్ వేసేస్తానండి, పాతవి చాలావరకు అలాగే నడుస్తాయి" అన్నాడు. తనకి పని తప్పిపోయే మాట తనే ముందు చెప్పాడు చూడండి, అక్కడే నాకు నమ్మకం కుదిరింది. ఎలాగూ ఎప్పటికైనా మార్చాల్సిందే కదా, ఇప్పుడే చేయించెయ్యమన్నారు ఓనరు గారు.

చేసిన పని చాలా శుభ్రంగా ఉంది. డిక్లేర్ లైన్లకి, ఇది 64 బిట్‌లో నడుస్తుంది అని చెప్పే పీటీఆర్‌సేఫ్ అనే మాట తగిలించేసి వదిలేసేవాళ్ళు ఉంటారు, అలా చేస్తే ఎర్రర్ పోతుంది గానీ మెమరీ చిరునామాలు పాత లాంగ్‌లోనే (32 బిట్ సైజు గడిలోనే) ఉండిపోతే ఎప్పుడో ఒకప్పుడు ఎక్సెల్ ఉన్నట్టుండి మూసుకుపోవచ్చు. ఇతను అలాంటివి వెతికి, 64 బిట్‌లో పెద్ద సైజు తీసుకునే లాంగ్‌పీటీఆర్ చేశాడు. మా గోడౌన్‌లో ఇంకా ఆఫీస్ 2007 ఉంది, దానికి ఆ మాటలే తెలియవు, అందుకని వీబీఏ7 (ఆఫీస్ 2010 నుంచి వచ్చిన మాక్రో భాష) ఉంటే ఒక దారి, లేకపోతే పాత దారి అని రెండూ పెట్టాడు, ఇప్పుడు ఒకే ఫైలు రెండు చోట్లా నడుస్తోంది. స్టాకు డేటా యాక్సెస్ (ఆఫీస్ డేటాబేస్) ఫైల్లో ఉంటుంది, దాన్ని చదవడానికి వాడే పాత జెట్ డ్రైవర్ 64 బిట్‌లో లేదు కాబట్టి ఏసీఈ అనే కొత్త డ్రైవర్‌కి మార్చాడు. అన్నిటికన్నా నాకు నచ్చింది చివర్లో చేసింది: పాత కూలి షీట్ల ప్రింట్లు తెమ్మని, అవే తూకాలు కొత్త ఫైల్లో కొట్టించి, మనిషి మనిషికీ మొత్తం పైసాతో సహా కలిసిందాకా నన్ను కదలనివ్వలేదు.

తేదీ ఎంచుకునే క్యాలెండర్ మాత్రం పోయింది. ఆ పాత కంట్రోల్ 64 బిట్‌లో పనిచేయదు, దాని బదులు తేదీ టైపు చేసే గడి పెట్టాడు, తప్పు తేదీ కొడితే ఆపుతుంది గానీ రోజంతా ఎంట్రీలు కొట్టేవాళ్ళకి అది విసుగే. సొంతంగా చిన్న క్యాలెండర్ ఫారం చేసి ఇచ్చి ఉండాల్సింది. ఏమేం మార్చాడో కాగితం మీద రాసివ్వమంటే నోటితో చెప్పాడు, అది కూడా బాగాలేదు, రేపు ఇంకొకరు ఆ కోడ్ తెరిస్తే ఎలా తెలుస్తుంది? చెప్పిన రోజుకి కూడా ఇవ్వలేదు, ఆ వారం కూలి చేత్తోనే వేశాం. 3,500 రూపాయలు తీసుకున్నాడు, ఆ పనికి న్యాయమైన రేటే.

వెళ్ళేటప్పుడు ఫైలు కాపీ ఒకటి విడిగా దాచుకుని, పాత ప్రింట్లు పట్టుకెళ్ళండి. కోడ్‌కి పాస్‌వర్డ్ ఉంటే అది రాసినవాళ్ళకి ముందే ఫోన్ చేసి కనుక్కోండి, అది లేకుండా ఇతను పని మొదలుపెట్టడు.