టైప్ వర్క్‌షాపా, కలల బృందమా? కడపలో దేనికి చేరాలి

రెండింటి వెనకా వినిపించే పేరు ఒకటుంది, స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్. అంతర్ముఖులు, బహిర్ముఖులు అంటూ ఆయన 1921లో చెప్పినదాని మీద అమెరికాలో తల్లీకూతుళ్లు బ్రిగ్స్, మైయర్స్ కట్టిందే మనుషుల స్వభావాన్ని 16 టైపులుగా విడదీసే పరీక్ష. టైప్ వర్క్‌షాప్ దాని చుట్టూనే. కలలు, అణచుకున్న కోపాలు తవ్వేది లోతు మనస్తత్వశాస్త్రం. కలల బృందంలో కొందరు కూర్చుని తమ కలలు చెప్పుకుని అర్థం వెతికేది ఆ దారిలోనే.

టైం: టైప్‌కు ఒక ఆదివారం చాలు. కలల బృందం నెలల తరబడి సాగుతుంది.

ఖర్చు: టైప్‌కు ఒకేసారి ఫీజు, అసలు పరీక్ష రాయిస్తే దానికి వేరే. కలల బృందానికి హాలు అద్దె, టీ ఖర్చు పంచుకుంటే సరి. కానీ నడిపే మనిషికి శిక్షణ ఉండాలి, మన వైపు అలాంటివాళ్లు దొరకడమే కష్టం.

శ్రమ: టైప్‌లో టిక్కులు పెట్టడమే. కలల బృందంలో నిద్ర లేవగానే, ఫోన్ ముట్టుకోకముందే కల రాసిపెట్టుకోవాలి.

రిస్క్: టైప్‌లో పెద్దగా లేదు. కొన్ని వారాలకు మళ్లీ రాస్తే వేరే టైప్ రావచ్చు, కాబట్టి దాన్ని చూసి పెళ్లి సంబంధాలు మాత్రం తేల్చకండి (జాతకాలు చాలవా?). కలల బృందంలోనే అసలు టెన్షన్. అత్తగారి మీద కోపమంతా కక్కేశాక, పక్క కుర్చీలో ఉన్నది ఆవిడ వియ్యపురాలని తెలిస్తే? ఇక్కడి మాట ఏడురోడ్ల టీకొట్టుకు చేరకూడదని మొదటిరోజే అందరి చేతా ఒప్పించాలి.

ఇంట్లో, ఆఫీసులో ఎదుటివాళ్ల తీరు అర్థంకాక విసిగినవాళ్లకు టైప్ మేలు. ఓపిక ఉండి, ఒకే కల వెంటాడుతుంటే కలల బృందం. బతకాలనే అనిపించనివాళ్లకు ప్రస్తుతానికి రెండూ వద్దు. ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయాలి. అది ఉచితం.