మూడిల్ సమీక్ష: లైసెన్సు ఉచితం, నిర్వహణ కాదు

బెంగళూరు తూర్పు శివారులోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో పాఠాలు చెబుతూ, అక్కడి ఐ.టి. ప్రణాళిక కమిటీలో కూడా ఉన్నవాడిగా, పాఠాలు, అసైన్‌మెంట్లు, పరీక్షలను ఆన్‌లైన్‌లో నడిపే మూడిల్ గురించి రాస్తున్నాను. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డూగియామాస్ రూపొందించిన ఈ సాఫ్ట్‌వేర్ తొలి వెర్షన్ 2002లో వెలువడింది. ఇది ఓపెన్ సోర్స్ కాబట్టి లైసెన్సుకు రూపాయి కట్టనక్కరలేదు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఉచితం అనగానే యాజమాన్యం బడ్జెట్‌లో ఆ పద్దునే కొట్టేస్తుంది. సర్వరుకు, దాన్ని చూసుకునే మనిషికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఎవరూ అడగరు.

ముందుగా దీని బలం చెప్పాలి. పరీక్షల విషయంలో మూడిల్‌కు నేను నిస్సంకోచంగా ఎక్కువ మార్కులు వేస్తాను. ప్రశ్నలను యూనిట్ల వారీగా ఒక నిధిలో దాచుకుని, ఒక్కో విద్యార్థికి వేర్వేరు ప్రశ్నలు వెళ్లేలా చేయవచ్చు. లెక్కల ప్రశ్నల్లో అంకెల స్థానంలో చరరాశులు పెట్టే సౌకర్యం మరీ గొప్పది: ఓమ్ నియమం మీద ఒకే లెక్క ఇచ్చినా ఒకరికి 12 వోల్టులు, పక్కవాడికి 9 వోల్టులు కనబడతాయి, జవాబును మాత్రం సూత్రం ప్రకారం యంత్రమే సరిచూసుకుంటుంది. ల్యాబులో పక్క స్క్రీన్ చూసి రాసే అలవాటుకు ఇంతకంటే మర్యాదైన మందు నాకు తెలియదు. విద్యార్థి రాస్తున్న జవాబులను నిమిషానికోసారి తనంతట తానే భద్రపరిచే ఏర్పాటు కూడా ఉంది కనుక, మధ్యలో కరెంటు పోయినా, గడువు ఉన్నంతవరకు మళ్లీ లాగిన్ అయి ఆగినచోటి నుంచి కొనసాగించవచ్చు.

అసైన్‌మెంట్ల దగ్గరకు వచ్చేసరికి ప్రణాళిక లోపం బయటపడుతుంది. మూడిల్ నడిచేది పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష మీద; పీహెచ్‌పీ మామూలు అమరికలో ఒక్కో ఫైలుకు 2 ఎంబీ మాత్రమే అనుమతిస్తుంది. పిల్లలేమో రికార్డు పుస్తకం పేజీలను ఫోనుతో ఫొటోలు తీసి, ఒకే పీడీఎఫ్‌గా కలిపి పంపుతారు. అది అవలీలగా 15 ఎంబీ దాటుతుంది. మా కళాశాలలో ఆ అమరికను ఎవరూ మార్చకపోవడంతో గడువు రోజు రాత్రి వాట్సాప్ గ్రూపు నిండా "సార్, అప్‌లోడ్ అవ్వట్లేదు" అన్న సందేశాలే. పొద్దున చూస్తే సగం రికార్డులు నా మెయిల్‌లో ఉన్నాయి. తెలిసిన మనిషికి ఇది సర్వరులో రెండు మూడు వరుసలు మార్చే పని, కానీ మాకు ఆ మనిషి లేడు. ల్యాబ్ అసిస్టెంటుకు అదనపు బాధ్యతగా అంటగట్టారు. నేపథ్యంలో నిమిషానికోసారి నడవాల్సిన క్రాన్ అనే పనిని అమర్చడం కూడా అలాగే మరిచిపోతారు, అప్పుడు నోటిఫికేషన్లు కదలవు, నింద సాఫ్ట్‌వేర్ మీద పడుతుంది.

మా తరగతుల్లో మదనపల్లె, హిందూపురం, కోలారు వైపు పిల్లలు చాలామంది. శని, ఆదివారాలు ఊరికి వెళ్తే దారి పొడవునా సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు. మూడిల్ మొబైల్ యాప్‌లో పాఠాల ఫైళ్లను ముందే దించుకుని నెట్ లేకుండా చదువుకోవచ్చు, ఇది వాళ్లకు నిజంగా అక్కరకు వచ్చింది. అయితే యూట్యూబ్ లింకుగా పెట్టిన వీడియో ఇలా దిగదు. 2003లో మొదలై, ఐఐటీ మద్రాసు సమన్వయంతో సాగుతున్న ఎన్‌పీటీఈఎల్ అనే ఉచిత ఆన్‌లైన్ కార్యక్రమంలోని వీడియో పాఠాలను మా అధ్యాపకులు చాలావరకు లింకులుగానే అతికిస్తారు. ఉపన్యాసం సారాంశాన్ని రెండు పేజీల పీడీఎఫ్‌గా జతచేస్తే మేలు, కానీ అందుకు అధ్యాపకుడి టైమ్ టేబుల్‌లో గంట కేటాయించాలి. ఏ ప్రణాళికలోనూ ఆ గంట నాకు కనబడలేదు.

మరి ప్రణాళికలో కనబడేదేమిటంటే కంప్యూటర్ల సంఖ్య. ఇదే నగరంలోని నాగరభావిలో ప్రధాన కార్యాలయం ఉన్న న్యాక్ (కళాశాలల నాణ్యతను పరిశీలించి గుర్తింపు ఇచ్చే సంస్థ), విద్యార్థులకూ కంప్యూటర్లకూ గల నిష్పత్తిని అడుగుతుంది, కాబట్టి కళాశాలలు యంత్రాలను లెక్కపెట్టి ఫైలు సిద్ధం చేస్తాయి. ఆ ప్రశ్న తప్పు కాదు. కానీ ల్యాబు సాయంత్రం నాలుగున్నరకే తాళం పడితే ఆ నిష్పత్తి పేయింగ్ గెస్ట్ హాస్టల్‌లో ఫోను మీదే చదువుకునే పిల్లవాడికి ఏ విధంగానూ ఉపయోగపడదు.

మూడిల్ లాంటి పనికే గూగుల్ తన సర్వర్ల మీద నడిపే గూగుల్ క్లాస్‌రూమ్ సంగతి అడిగేవారూ ఉంటారు. సర్వరు బాధ లేదు, నేర్చుకోవడం తేలిక. చిన్న కళాశాలకు, ఐ.టి. మనిషిని పెట్టుకోలేని చోటికి నేను దానినే సూచిస్తాను. పరీక్షలకు మాత్రం గూగుల్ ఫారమ్స్ మీద ఆధారపడాలి, మూడిల్‌లోని ప్రశ్నల నిధితో అది ఏమాత్రం సరితూగదు. పైగా 2022 నుంచి ఒక సంస్థ మొత్తానికి ఉచితంగా ఇచ్చే నిల్వ 100 టీబీకి పరిమితమైంది, వీడియోలు ఎక్కువగా దాచే పెద్ద కళాశాలలు ఇది గమనించాలి.

మూడిల్‌నే ఎంచుకునేవారు దీర్ఘకాల మద్దతు ఉన్న వెర్షన్‌ను తీసుకోవడం మంచిది. 2024 అక్టోబరులో వచ్చిన 4.5 అలాంటిదే, దానికి మూడేళ్ల పాటు భద్రతా సవరణలు అందుతాయి. కొత్త వెర్షన్లు సాధారణంగా ఏప్రిల్, అక్టోబరు నెలల్లో వెలువడతాయి గనుక, రాగానే ఎగబడకుండా సెమిస్టర్ సెలవుల దాకా ఆగి, బ్యాకప్‌ను ముందు వేరే యంత్రంలో తెరిచి చూసుకున్నాకే అసలు సర్వరు మీద చేయి వేయాలి. ఆ పనికి ఎవరు బాధ్యులో కొనుగోలు తీర్మానంలోనే పేరు పెట్టి రాయమని ఈసారి కమిటీలో పట్టుబట్టాను.